మనవాళ్ళ ఇల్లు కొంటే లాయరెందుకు?

ఇల్లు కొనడానికి వెళ్ళినవాళ్ళు వంటింట్లో కుళాయి తిప్పి చూస్తారు. బేస్‌మెంట్‌లోకి దిగి చెమ్మ వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తారు. చుట్టుపక్కల స్కూళ్ళ రేటింగులు కంఠతా పడతారు. లాయర్ని మాత్రం వాట్సాప్ గ్రూపులో "ఎనీ సజెషన్స్?" అని ఒక ముక్క పడేసి, ముందు ఎవరి పేరు వస్తే వాళ్ళని పెట్టేసుకుంటారు. న్యూజెర్సీలో ఇళ్ళ కొనుగోళ్ళు, అమ్మకాలు చూసే ఒక లాయరు ఆఫీసులో నేను పారాలీగల్‌గా పనిచేసి రిటైరయ్యాను. లాయరు సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ముందు తయారుచేసేది నేనన్నమాట. అన్నేళ్ళలో "మీ లాయరుగారు పని ఎలా చేస్తారు?" అని అడిగిన తెలుగువాళ్ళు నాకు పెద్దగా గుర్తులేరు. "మీరు తెలుగువాళ్ళేనటగా!" అని సంబరంగా వచ్చినవాళ్ళే అందరూ.

మా ఆఫీసు పార్సిప్పనీలో ఒక బేగల్ రొట్టెల షాపు పైన ఉండేది. లాయరుగారు ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికన్, వయసులో పెద్దాయన. మా వాళ్ళ పుణ్యమా అని ఒక తెలుగు మాట నేర్చుకున్నారు: "మనవాళ్ళే". కొత్త ఫైలు రాగానే నా బల్ల దగ్గరకొచ్చి, కొనేవాళ్ళ పేరూ అమ్మేవాళ్ళ పేరూ చూసి, "మనవాళ్ళే?" అని అడిగేవారు. రెండు వైపులా తెలుగువాళ్ళేనంటే సొరుగులోంచి తలనొప్పి మాత్ర తీసుకునేవారు. మొదట్లో ఆ వేళాకోళానికి నాకు ఒళ్ళు మండేది. పోను పోను నేనూ ఒక మాత్ర అడిగి పుచ్చుకునేదాన్ని.

ఎందుకంటారా? రాహుకాలం పోయేదాకా సంతకం పెట్టనని బ్యాంకు తరఫు మనిషిని పార్కింగ్ లాట్‌లో నిలబెట్టిన మహానుభావులున్నారు. ఇల్లు ఇంకా చేతికి రాకుండానే, తర్వాత మూఢం వస్తోందని, అమ్మేవాళ్ళ దగ్గర తాళం చెవి అడిగి పుచ్చుకుని పాలు పొంగించేసిన వాళ్ళున్నారు. పొంగిన పాలు స్టవ్ మీద పోయినందుకు అవతలి లాయరు మాకు ఉత్తరం రాశాడు. అయితే నేను చెప్పబోయేది ముహూర్తాల వాళ్ళ సంగతి కాదు. ఇల్లు కొనబోతున్న పిల్లలకి పనికొస్తుందని చెబుతున్నాను. పనికిరాకపోతే మీ ఇష్టం.

ఒకరోజు ఒక పెద్దాయన వచ్చారు. గుంటూరు వైపు మనిషి. ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడి తెలుగు చర్చిలో సంఘపెద్ద. ప్రతి శుక్రవారం ప్రార్థన కూటం ఆయనింట్లోనే. ఎండాకాలమైతే పెరట్లో కుర్చీలు వేసి పాటలు పాడుకునేవారట. కూతురు టెక్సాస్‌లో, ప్లేనోలో ఉంటోంది కనుక భార్యాభర్తలిద్దరూ ఇల్లు అమ్మేసి అక్కడికి వెళ్ళిపోదామనుకున్నారు.

"కొనేది ఎవరండీ?" అని అడిగాను.

"మా బిడ్డలే అమ్మా. మా సంఘంలో పిల్లలు. ఆ అమ్మాయి నర్సు. అబ్బాయి ఐటీ. అమెరికా వచ్చిన కొత్తలో మా బేస్‌మెంట్‌లోనే ఉన్నారు. వాళ్ళ పాప మొదటి పుట్టినరోజు మా పెరట్లోనే చేశాం. ఏజెంట్లు గీజెంట్లు ఎవరూ లేరు. మాలో మేమే మాట్లాడేసుకున్నాం. మీ లాయరుగారే మా ఇద్దరికీ చూసేస్తే సరిపోతుంది."

"ఇద్దరికీ ఒక్కరే అంటే ఆయన ఒప్పుకోరండీ. వాళ్ళు వేరే లాయర్ని చూసుకోవాలి."

ఆయన నొచ్చుకున్నారు. "వేరే ఎందుకమ్మా? మేమేమన్నా కొట్టుకుంటున్నామా? విశ్వాసులం. సంఘంలో ఒకరి మీద ఒకరం లాయర్లని పెట్టుకుంటే బయటివాళ్ళ ముందు మా సాక్ష్యం ఏం మిగుల్తుంది?"

లాయరు అంటే ఆయన దృష్టిలో కోర్టు మెట్లెక్కించేవాడు. ఇల్లు కొనడానికి లాయర్ని పెట్టుకోవడమంటే ఎదుటి మనిషి మీద కేసు వేసినట్టే. ఈ అభిప్రాయం ఆయన ఒక్కరిదే కాదు, మనలో చాలామందిది. ఆయన మాట లాయరుగారికి ఇంగ్లీషులో చెప్పాను. లాయరుగారు శాంతంగా, "నేను బల్లకి ఒక వైపే కూర్చోగలను. ముందు వచ్చింది మీరు కాబట్టి మీ వైపు కూర్చుంటాను" అన్నారు. అలా పెద్దాయన మా క్లయింటయ్యారు.

తర్వాత లాయరుగారు ఇంటి సంగతులు అడిగారు. పాత ఇల్లు. "చలికాలం హీటింగ్ దేంతో?" అంటే, "మేం కొన్నప్పుడు ఆయిల్ హీటరుండేది, మేమే గ్యాస్‌కి మార్పించాం" అని పెద్దాయన గొప్పగా చెప్పారు. లాయరుగారి పెన్ను ఆగిపోయింది. నాదీ ఆగిపోయింది.

ఈ ప్రాంతంలో పాత ఇళ్ళకి చమురు పోసుకునే ఇనప ట్యాంకులు పెరట్లో భూమిలో పాతిపెట్టి ఉండేవి. గ్యాస్ వచ్చాక చాలామంది వాటిని తియ్యకుండా అలాగే వదిలేశారు. అవి లోపల తుప్పుపట్టి కారతాయి. చమురు మట్టిలోకి దిగుతుంది. అది ఎవరి హయాంలో బయటపడితే శుభ్రం చేయించే బరువు వాళ్ళ నెత్తిన పడుతుంది. ఇల్లు చేతులు మారాక బయటపడిందా, కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదంతా పెరట్లో గోతిలోకి పోతుంది. అలా పోయినవాళ్ళని నేను చూశాను.

"మరి ఆ పాత ట్యాంకు ఏమైంది?" అని లాయరుగారు అడిగారు.

"తెలియదు సార్. అప్పుడు వచ్చిన పనివాళ్ళు చూసుకుని ఉంటారు."

"మనిషిని పిలిపించి ఒకసారి వెతికిద్దామా?"

"ఉందో లేదో తెలియని దానికోసం పచ్చటి పెరడు తవ్వుకోవడం ఎందుకు సార్?"

లాయరుగారు ఇంకా రెండు విధాల చెప్పి చూశారు. పెద్దాయన కదల్లేదు. తెలిసింది దాచకూడదు, కానీ తెలియనిదాన్ని వెతికితీరాలని అమ్మేవాణ్ణి ఎవరూ బలవంతపెట్టలేరు. క్లయింటు మా గదిలో చెప్పిన మాట గది దాటకూడదు. అక్కడితో ఆ విషయానికి తాళం పడింది, ఆ తాళం లోపల నేనూ ఉన్నాను.

మర్నాటి నుంచి నర్సమ్మాయి ఫోన్లు మొదలయ్యాయి. చలాకీ పిల్ల. గొంతులో ఎప్పుడూ పరుగే.

"ఆంటీ, ఇన్‌స్పెక్షన్ చేయించాలంటున్నారు కొంతమంది. చేయిస్తే అంకుల్ ఫీలవుతారేమో కదా?"

"నీ లాయర్ని అడుగమ్మా" అన్నాను.

"లాయరెవరు ఆంటీ? మీరే కదా!"

"మేం కాదు. మేం మీ అంకుల్ తరఫు. నువ్వు సొంతంగా ఒకర్ని పెట్టుకో."

ఆమె ఫక్కున నవ్వింది. "బాగుంది ఆంటీ! ఆ ఇంట్లో తిన్నాం, పడుకున్నాం. జ్వరం వస్తే ఆంటీ నాకు గంజి కాచి ఇచ్చింది. ఇప్పుడు లాయర్ని తీసుకెళ్ళి నిలబెడితే ఏం బాగుంటుంది?"

లాయరు లేనివాళ్ళకి అవతలి లాయరు ఆఫీసు ఇవ్వగలిగిన సలహా ఒక్కటే. లాయర్ని పెట్టుకోండి. దానికి మించి నోరు విప్పితే లాయరుగారి లైసెన్సు మీదికొస్తుంది. ఆ ఒక్క ముక్కే నేను ఆ పిల్లకి తిప్పి తిప్పి చెప్పాను. మెత్తగా చెప్పాను, మర్యాదగా చెప్పాను. పెళ్ళిలో మరోసారి వడ్డించుకోమని మొహమాటానికి అంటారే, ఆమె దాన్ని అలా విన్నది. తప్పు నా గొంతుదేననిపించింది. ఆంటీ గొంతుతో చెప్పిన మాటకి ఆంటీ మాట విలువే ఉంటుంది.

మధ్యలో పెద్దాయన కాంట్రాక్టు తొందరపెట్టారు. ఏజెంటు రాసిన కాంట్రాక్టైతే సంతకాలయ్యాక కూడా లాయరు చూసి కాదనడానికి మూడు పనిదినాల గడువుంటుంది. ఇది మా ఆఫీసులో తయారైన కాంట్రాక్టు. ఆ గడువు దీనికి వర్తించదు. ఇల్లు ఉన్నదున్నట్టుగా కొంటున్నాం, తనిఖీలేవీ అక్కర్లేదు అని అందులో రాయించారాయన. సంతకం పెడితే పెట్టినట్టే.

ఆ అమ్మాయి సంతకానికి వచ్చిన ఉదయం లాయరుగారు లోపల గదిలో ఫోన్‌లో ఉన్నారు. హాస్పిటల్ బట్టల్లోనే వచ్చింది.

"నైట్ షిఫ్ట్ చేసి డైరెక్ట్‌గా డ్రైవ్ చేసుకొచ్చేశా ఆంటీ. మా ఆయన కింద కార్‌లో మీటింగ్‌లో ఉన్నాడు, అయ్యాక వస్తాడు. ఎక్కడెక్కడ సైన్ చెయ్యాలో చూపించండి చాలు. మళ్ళీ పాపని డేకేర్‌లో దింపాలి."

చదవను కూడా చదవదట. నా బల్ల మీది పెన్ను తనే తీసుకుంది. కాగితాలు తిప్పి ఆఖరి పేజీ దగ్గర ఆగింది. ఆ పచ్చటి పెరడు నా కళ్ళముందు మెదిలింది. చెప్పకూడదు. చెప్పకుండా ఊరుకుంటే ఈ పిల్ల మునుగుతుంది.

"పెన్ను కింద పెట్టు" అన్నాను.

నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆమె తలెత్తింది.

"ఇకనుంచి నన్ను ఆంటీ అనకు. నేను నీకు ఆంటీని కాదు. మీ అంకుల్ పెట్టుకున్న లాయరు దగ్గర జీతానికి పనిచేసేదాన్ని. ఈ కాగితంలో ప్రతి లైనూ ఆయనకి మేలు జరగాలని రాశాం. అది మా పని. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను నవ్వుతూ మాట్లాడింది కూడా ఆయన తరఫు నుంచే. ఈ గదిలో నీ తరఫున ఎవరూ లేరు."

ఆమె మొహం ఎర్రబడింది. "అంటే ఏంటి? అంకుల్ మమ్మల్ని చీట్ చేస్తున్నారా?"

"నేనలా అనలేదు. ఏదీ అనలేను. నేను అనగలిగింది ఒక్కటే. నీకో లాయరు కావాలి."

"మీరు తెలుగువాళ్ళు ఉన్నారని ధైర్యంగా వచ్చా నేను" అంది. "ఇలా మాట్లాడతారని అనుకోలేదు, మేడమ్."

పెన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మేడమ్ అన్న ఆ మాట నాకు గుండెల్లో కలుక్కుమంది. అది నేను అడిగి మరీ తెచ్చుకున్నదే అయినా సరే, కలుక్కుమంది.

లాయరుగారు తలుపు తీసుకుని వచ్చారు. "లాయర్ని పెట్టుకోమనడానికి తెలుగులో ఇంతసేపు పడుతుందా?" అన్నారు. అన్న మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. విని, "మనం తన మనుషులమని పొరబడుతున్నప్పుడు కాదని చెప్పడం మన బాధ్యతే. బాగానే చెప్పావు" అన్నారు. అని రెండు మాత్రలు తీసి ఒకటి నాకిచ్చారు.

కొన్నాళ్ళ వరకు ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కోపంలో ఇల్లే వద్దనుకుందేమో, లేక పెద్దాయనింటికే వెళ్ళి ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తుందేమో అని ఒకటే గుబులు. అప్పుడొచ్చింది ఒక మెయిలు, వేరే ఊళ్ళో ఉన్న ఒక లాయరమ్మ దగ్గర్నుంచి. ఫలానా దంపతుల తరఫున నేను మాట్లాడుతున్నాను, ఇన్‌స్పెక్షన్ జరగాలి, పాత ఇల్లు కాబట్టి భూమిలో ట్యాంకు ఉందేమో వెతికించాలి, ఇంకా అదీ ఇదీ. లాయరుగారు చదివి, "ఈవిడా! దేవుడా!" అని తల పట్టుకున్నారు. ఆ ప్రాంతంలో అందరి తలనొప్పులకీ ఆవిడ పెట్టింది పేరు.

ఆవిణ్ణి ఎలా పట్టుకుందో నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. హాస్పిటల్లో తనతో పనిచేసే ఒక ఫిలిపినో పెద్దావిడని అడిగిందట. మంచి లాయరెవరని కాదు. "మీరు ఇల్లు అమ్మినప్పుడు అవతలివాళ్ళ తరఫున వచ్చి మిమ్మల్ని బాగా విసిగించిన లాయరెవరు?" అని. నా మీద కోపంతో అడిగిన ప్రశ్న అది. ఇన్నేళ్ళలో లాయర్ని ఎంచుకోవడానికి అంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. పిల్లలూ, ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది మరిచిపోండి.

పెద్దాయన ఫోన్ వెంటనే వచ్చింది. "అమ్మా, ఆ పిల్లకి మీరేం చెప్పారు? నా మీద లాయర్ని పెట్టింది!"

"మీ మీద కాదండీ. తన కోసం పెట్టుకుంది."

"అదే కదమ్మా! నేనుండగా తనకోసం ఇంకొకరెందుకు?"

అది ప్రేమ ఉన్న మాటే. అందుకే దానితో వాదించడం కష్టం. లాయరుగారు ఆయన్ని పిలిచి నచ్చజెప్పారు. వెతకనివ్వకపోతే లాయరమ్మ ఆ దంపతుల్ని వెనక్కి లాగేస్తుంది, రేపు ఎవరు కొనడానికి వచ్చినా ఇదే అడుగుతారు. చివరికి సరేనన్నారు.

ఒక మనిషి పరికరం పట్టుకుని పెరడంతా తిరిగాడు. ప్రార్థన కూటానికి కుర్చీలు వేసే చోటే అది కూతపెట్టింది. తవ్వితే ట్యాంకు బయటపడింది. అడుగంతా జల్లెడ. చుట్టూ మట్టి నల్లగా, చమురు కంపు. ఆ తర్వాత ఎన్ని లారీల మట్టి తీశారో, ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు వచ్చారో చెప్పి మిమ్మల్ని విసిగించను. శుభ్రం చేయించింది పెద్దాయనే. ప్లేనో ప్రయాణం వెనక్కి వెనక్కి పోయింది. ఆయన భార్య, పెద్దమ్మగారు, సామాన్లు కట్టిన డబ్బాల మధ్యే వంట చేసుకున్నారట.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. సంఘపెద్ద మీదే లాయర్ని పెట్టిందని చర్చిలో సగం మంది ఆ అమ్మాయితో మాట్లాడటం మానేశారు. మిగతా సగం మంది, ట్యాంకు ఉందని తెలిసే పెద్దాయన అమ్మజూపారని గుసగుసలాడారు. పెద్దాయన చెవిన ఇది పడింది. ప్రార్థన కూటం వేరే వాళ్ళింటికి మారింది. ఆయన మా ఆఫీసుకి వచ్చినప్పుడు ఇదివరకటిలా "అమ్మా" అని పలకరించేవారు కాదు, నేరుగా లాయరుగారి గదిలోకి వెళ్ళిపోయేవారు. నిజంగా ఆయనకి తెలుసా అని నన్ను కొందరు అడిగారు. తెలియదనే నేను నమ్ముతాను. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండటం వేరు. ఆయన రెండోది చేశారు. ఆ తేడా ఆయనతో ఎవరు చెప్పగలరు?

ఇంత జరిగినా ఆ అమ్మాయి ఇల్లు వద్దనలేదు. లాయరమ్మ అప్పటికీ చెప్పిందట, ఇప్పుడు తప్పుకుంటే తప్పుకోవచ్చని. అయినా ఆ ఇల్లే కావాలంది.

క్లోజింగ్, అంటే ఇల్లు చేతులు మారే చివరి సంతకాల తంతు, లాయరమ్మ ఆఫీసులో జరిగింది. అమ్మేవాళ్ళు సాధారణంగా ముందే సంతకాలు చేసేసి రారు. పెద్దాయన వస్తానన్నారు. తెలుగు అవసరం పడుతుందేమోనని లాయరుగారు నన్నూ వెంట తీసుకెళ్ళారు. బల్లకి ఒక పక్క మేం, పెద్దాయన, పెద్దమ్మగారు. అవతల లాయరమ్మ, ఆ అమ్మాయి, భర్త. ఆ అమ్మాయి నాకు తలాడించింది. పెద్దాయన వైపు చూడలేదు. పెద్దాయన తన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. జ్వరంలో గంజి కాచి పోసినావిడా, తాగిన పిల్లా బల్లకి అటూ ఇటూ ముక్కూ మొహం తెలియనివాళ్ళలా కూర్చుంటే, ఇది నా నోటి మాటతోనే కదా మొదలైంది అనిపించింది. చేసింది సరైనదే. అయినా బాధేసింది. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

లాయరమ్మ మొదటి కాగితం ముందుకు తోసింది. పెద్దాయన చెయ్యెత్తారు. "ఒక్క నిమిషం. ప్రార్థన చేసుకుందాం" అని తెలుగులో అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. లాయర్లిద్దరూ తలలు వంచారు.

ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. కృతజ్ఞతలు చెప్పారు. ఇంటిని, అందులో పెరగబోయే పాపని దీవించమన్నారు. లాయర్లకి జ్ఞానం ఇమ్మన్నారు. ఆ తర్వాత ఆగిపోయారు. మళ్ళీ అందుకున్నారు.

"తండ్రీ, నా పెరట్లో ఏముందో నాకు తెలియదని నీకు తెలుసు. కానీ అడిగినప్పుడు నేను చూడనన్నాను. చూస్తే ఉంటుందేమోనని భయపడ్డాను. నా బిడ్డల మీద పడుతుందని ఆలోచించలేదు. నన్ను క్షమించు తండ్రీ. వాళ్ళు కూడా క్షమించేలా..."

"అంకుల్, చాలు" అంది ఆ అమ్మాయి.

ప్రార్థన మధ్యలో వాళ్ళు మాట్లాడరు. అది నాకు తెలుసు. ఆమె లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పెద్దాయన కుర్చీ వెనక నిలబడి రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసింది. పెద్దమ్మగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిగిలిన ప్రార్థన ఎవరూ పూర్తిచెయ్యలేదు.

లాయరమ్మ తల ఎత్తింది. తన క్లయింటు అవతలి పక్కకి వెళ్ళి నిలబడటం ఆవిడకి ఏమీ నచ్చలేదు. నా వైపు తిరిగి అడిగింది. "ఏం జరిగింది? నాకు చెప్పకుండా నా క్లయింటు ఇప్పుడు దేనికైనా ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది" అన్నాను.

ఆవిడ చటుక్కున పెన్ను తీసింది. "దేనికి?"

క్షమించడానికి అని చెప్పాలి, కానీ కాంట్రాక్టులో రాసుకునే ఇంగ్లీషులో దానికి నాకు మాట దొరకలేదు. ఆవిడ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది.